లేని కంపెనీకి సాక్ష్యము

ఓయి వినువాఁడా, క్రెడిట్ మేనేజర్ల వార్షిక సదస్సు కథ యనఁగానే నీ మొగము కాఁగిన నూనెలో వేసిన యప్పడమువలె ముడుచుకొనుట చూచితిని. లేచి పోవలయునని నీకున్నది గాని నీ చెప్పులు నేను దాఁచినచోట నుండఁగా నెచ్చటికిఁ బోయెదవు? కూర్చుండుము. నవ్వు వచ్చినచోట నవ్వుము. రానిచోట నన్నుఁ జూచి నవ్వుము.

శరత్తు సెలవు గైకొని హేమంతము కాలూనుచున్న యొకానొక మార్గశిర ప్రాతఃకాలమున మంచుతెఱల మాటునుండి తొంగిచూచుచున్న బాలభానుని కిరణములు సోఁకి ఋషికొండ సానువులు కుంకుమ నలఁదుకొన్నట్లు భాసిల్లుచుండఁగా విశాఖపట్టణ మహాసాగరము తన ఫేనధవళోత్తరీయమును సైకతస్థలిపైఁ బఱచుచు మరల లాఁగికొనుచు బేరము తెగని వర్తకునివలె ముందువెనుక లాడుచుండఁగా వేఁట ముగించి యొడ్డు చేరిన జాలరుల కేకలు లవణానిలములలోఁ దేలివచ్చుచుండఁగా నా తీరమున నంతస్తుపై నంతస్తుగా లేచియున్న యొక హోటలు ముంగిట 'ఇంధన రంగ క్రెడిట్ నిపుణుల వార్షిక సదస్సు' అను బ్యానరు గాలికిఁ గడుపుబ్బించుకొని యూఁగుచుండెను. తెలుగునేల నలుచెఱఁగులనుండి బొగ్గు డీజిలు గ్యాసు కంపెనీలవారు నూఱుగురకుఁ బైఁబడి మెడలలోఁ బేరుచీటీలు వ్రేలాడ నొండొరులఁ బలుకరించుకొనుచుఁ బ్రవేశించుచుండిరి.

ఇంతకును క్రెడిట్ మేనేజరనఁగా నెవ్వఁడు? సరకు నరువునకుఁ గొనిపోవు ఖాతాదారుని మొగము చూచి మాట విని పూర్వచరిత్రము ద్రవ్వి వీఁడు నమ్మఁదగినవాఁడా కాఁడా యని తేల్చువాఁడు. లోకమున నెల్లరును నమ్మకముతో మొదలుపెట్టి యనుమానముతో ముగింతురు. వీరుమాత్ర మనుమానముతో మొదలుపెట్టి పింఛనుతో ముగింతురు.

అట్టివారిలోఁ గాకినాడయందలి యొక గ్యాసు కంపెనీలో ముప్పదియొక్క సంవత్సరములు కొలువు చేసి మఱి రెండు మాసములలోఁ బదవీవిరమణము చేయనున్న అరిగెల భుజంగరావు ప్రసిద్ధుఁడు. బొజ్జ ముందు నడువఁ దాను దాని వెనుక నడుచు స్థూలకాయుఁడు. పరిహాసమునకై పుట్టినవాఁడు. చక్కెరగిన్నెలో నుప్పు నింపుటయు మెడచీటీలు తాఱుమాఱు చేసి న్యాయవాదిని వంటవారి పంక్తిలోఁ గూర్చుండఁబెట్టుటయు నాయనకు మంచినీళ్ల ప్రాయము. ఇన్ని చిలిపిచేష్టల వెనుకఁ బదునాలుగేండ్లక్రిందట భార్య సుభద్ర గతించిన నాఁటినుండి తన యన్నము తానే వండుకొని రేడియోతో మాటలాడుచు భుజించు మనుష్యుఁ డొకఁ డున్నాఁడని యెఱిఁగినవారు మిక్కిలి యరుదు. నవ్వించువానిని నీవెట్లున్నావని యడుగుట లోకమున కలవాటు లేదు.

ఆ సదస్సునకుఁ బ్రసంగములు దేహమైన మూఁడవనాఁటి గుప్తగోష్ఠి ప్రాణము. ఫోనులు వెలుపల నుంచి తలుపులు మూయుదురు. కార్యదర్శి యొక్కొక్క ఖాతాదారు కంపెనీ పేరు చదువఁగా దానితో వ్యవహరించినవారు లేచి జరిగినది జరిగినట్లు చెప్పుదురు. జరిగినదే గాని జరుపఁబోవునది చెప్పరాదు. రేపటినుండి వానికి సరకాపెదమని యొక్కఁ డన్నను నది పదుగురు కలసి పన్నిన కుట్ర యగునని చట్టము. అందుచేత నెవ్వరైన రాఁబోవుదాని మాట యెత్తిన తక్షణమే మ్రోఁగించుటకై యొక న్యాయవాది చిన్న యిత్తడిగంట ముందుంచుకొని మొసలివలె ఱెప్పవేయక కూర్చుండును.

ఆ గోష్ఠిలో భుజంగరావు పదునొకండేండ్లుగా నొక కొంటెపని చేయుచుండెను. భూమిమీఁద లేని యొక కంపెనీ పేరు కల్పించి చదువుచీటీలోఁ జొప్పించును. మాకుఁ దెలియదనుటకు సిగ్గుపడి యెవ్వఁడో యొకఁడు లేచి వారు మాకుఁ జిరపరిచితులనియు గడువుమీఱి నెలదినములకు సొమ్ము చెల్లింతురనియు గంభీరముగా సాక్ష్యము పలుకును. అంతట గుట్టు బయటపెట్టఁగా సభ యట్టుడికినట్లు నవ్వును. పెద్దలు దీనిని జూచి చూడనట్లూరకుండిరి. అబద్ధసాక్షులను వడపోయుటకు మంచి జల్లెడ దొరకినది గదా యని వారి తలంపు.

ఇన్నేండ్లలో నా జల్లెడకుఁ జిక్కనిది యొక్కతె. గోదావరిఖనియందలి యొక బొగ్గు కంపెనీలోఁ గ్రెడిట్ మేనేజరగు యశోద. ఏఁబదియాఱేండ్ల ప్రాయముది. వివాహము చేసికొనక యుద్యోగమునే కట్టుకొన్నది. మితభాషిణి, సత్యైకవ్రత. లేని కంపెనీ పేరు చదువఁబడినపుడెల్ల నామె లేచి కొంగు సవరించుకొని "మాకు గా కంపెనీ తెల్వదు" అని కూర్చుండును. ఆ నాలుగు మాటలు వినుటకై భుజంగరావు సంవత్సర మంతయు నెదురుచూచుచుండెనని చెప్పిన నాయనయే యొప్పుకొనఁడు.

ఐదేండ్లక్రిందట సూర్యలంక సముద్రతీరమున సదస్సు జరిగినపుడు భుజంగరా వొక కాగితముపై స్వహస్తముతో వ్రాసి యామె సదస్సుసంచిలో వేసెను. 'నాకు మీరంటే గౌరవముకంటె నెక్కువ యేదో యున్నది. మీకిష్టమైనచో నేఁటి సాయంకాల మైదుగంటలకు సరుగుడుతోఁట యొద్దకు రండు. లేకున్న నీ కాగితము చించివేయుఁడు.' వ్రాసినది యక్షరాల నిజము. కాని నిజమును దిగంబరముగాఁ బంపుటకు ధైర్యము చాలక దానిపైఁ బరిహాసమను కంబళి కప్పెను. "యశోద గారిని ఈయేడు ఎలాగైనా పడగొట్టేద్దాం, మీరిద్దరూ చెట్ల చాటున ఉండి చూడండి" అని మిత్రుఁడైన ఖాసిం వలీకిని మఱియొకనికిని జెప్పి తోడుకొనిపోయెను. ఆమె వచ్చి యౌనన్న వారిని వెడలిపొమ్మనవచ్చును. ఆమె వచ్చి నవ్విన వారితోఁగూడ నవ్వవచ్చును. అరువిచ్చువాఁడు హామీ నడిగినట్లు హృదయ మిచ్చువాఁడును హామీ నుంచుకొనెను.

ఆమె రాలేదు. చీఁకటిపడువఱకు నిలిచి వచ్చిన భుజంగరావు మఱునాఁ డుపాహారవేళ నేమియు నెఱుఁగనివానివలె "నిన్న మీ సంచిలో ఏదైనా కాగితం కనబడిందాండి" అని యడిగెను.

"సంచిల కాగితాలు ఎవ్వలు చదువుతరండి, అన్ని కంపెనీలోళ్ల ప్రకటనలేనాయె. హోటల్లనే ఇడిసిపెట్టిన" అని యామె యిడ్డెన త్రుంచుకొనెను.

ఆయనకుఁ బ్రాణము లేచివచ్చినట్లును బోయినట్లును నైనది. అంతటితో నా మాట యణఁగిపోయెను. కాని యేఁటేఁట నా మూఁడు దినముల సహవాసము, ఆ మితభాషణము, ఆ నాలుగు మాటల సాక్ష్యము నాయన యేకాంతములో నూనె తఱుగని దీపమువలె నిలిచియుండెను. ఇప్పు డిదియే కడపటి సదస్సు. రెండు మాసముల పిమ్మట నాయనకుఁ బేరుచీటీయు లేదు, సంచియు లేదు, ఆమెను జూచుటకు నెపమును లేదు. ఈ తూరి నవ్వులాట లేక యడుగవలయునని నిశ్చయించుకొని వచ్చెను.

మూఁడవనాఁటి యుదయమున ఖాసిం వలీ యాయన భుజము తట్టెను. గుంటూరిలో డీజిలు సరఫరా చేయు కంపెనీ వాఁడు, సదస్సునకుఁ గార్యదర్శి, కొంటెపనులలో శిష్యుఁడు.

"ఏంది గురువుగారూ, ఈయేడు ఉత్తుత్తి కంపెనీ పేరు ఇంకా ఇవ్వలా? లిస్టు ప్రింటుకి ఇచ్చేయాల."

భుజంగరావు చొక్కాజేబులోనుండి మడఁత నలిఁగిన చీటీ తీసి యిచ్చెను.

"ఏకాంబర ఇంధన భాండారం, కాకినాడ," అని ఖాసిం చదివి "మీ ఊరి పేరే పెట్టారే. అనుమానపడరూ?" అనెను.

"పడనీవోయ్. పన్నెండో నెంబరులో పెట్టు."

"ఇయ్యాల నవ్వట్లేదేంది?"

"ఉప్మాలో జీడిపప్పు లేదని నవ్వుకి కోపవొచ్చింది. వెళ్లవయ్యా బాబూ" అని భుజంగరావు వానిని దఱిమి పెసరట్టుపళ్లెము చేతఁబట్టుకొని సముద్రము కనఁబడు గవాక్షము ప్రక్క నొంటిగాఁ గూర్చుండియున్న యశోదయొద్దకుఁ బోయెను. పోవుదారిలో నొక్క చక్కెరగిన్నెనైనఁ దాఁకలేదు.

ఆమె తల యెత్తి చూచెను.

"కూసోండ్రి. నా చాయిల ఏం కలిపిన్రు?"

"ఏవీ కలపలేదండి. ఒట్టు."

"మీ ఒట్టుకు గడువెంత?" అని యామె తేనీటిని వాసన చూచి త్రాగెను.

భుజంగరావు పెసరట్టును నాలుగు ముక్కలు చేసి యాపై నెనిమిది ముక్కలు చేసెను. ఒక్కటియు నోటఁ బెట్టలేదు.

"యశోద గారూ, ఇవాళ లిస్టులో పన్నెండో పేరు కాస్త జాగ్రత్తగా వినండి. అది మావూలుగా నేను పుట్టించే ఉత్తుత్తిది కాదండి. ఆ ఓనరు నాకు బాగా తెలుసు. అరవయ్యో యేడు. భార్య పోయి పధ్నాలుగేళ్లు. కాకినాడలో చిన్న యిల్లు, ముందు గదిలోకి మధ్యాహ్నం గాలి బాగా వస్తాది. ఉద్యోగం రెండు నెలల్లో అయిపోతాది. బాకీలు లేవు. మాట్టాడ్డానికి రేడియో తప్ప మనిషి లేడు. భాగస్వామి కోసం చూస్తన్నాడండి."

యశోద గిన్నెను బల్లపై నుంచెను.

"గీ ముచ్చట గా రూముల అడుగుతరా? అంత మంది నడుమ?"

"ఇక్కడ అడిగితే నేను ఆఖర్న ఏదో వెటకారం చేసి చెడగొట్టుకుంటానండి. నా సంగతి నాకు తెలుసు కదా. ఆ గదిలో మీరు ఏనాడూ అబద్ధం చెప్పలేదు. నాకు అదొక్కటే నమ్మకం. పేరు చదవగానే మీరెప్పట్లాగే 'తెల్వదు' అన్నారనుకోండి, నేను మళ్లీ అడగను. జన్మలో అడగను. 'తెలుసు' అన్నారనుకోండి..." అని యాయన యాఁగెను. పదునాలుగేండ్లుగా నవ్వునకే యలవడిన యా మొగమునఁ గన్నులు మాత్రము వేఱొకరివి తెచ్చి యమర్చినట్లుండెను.

"అంటే?"

"అంటే నాకు చాలండి."

ఆమె లేచి సంచి భుజమునకుఁ దగిలించుకొనెను. "పెసరట్టు తినుండ్రి. దాన్ని గట్ల కోస్తే దానికేం తెలుస్తది" అని వెడలిపోయెను.

తలుపులు మూయఁబడెను. కిటికీలపైఁ దెరలు జాఱెను. గుప్తగోష్ఠి ప్రారంభమయ్యెను. ఖాసిం వలీ యొక్కొక్క పేరే చదువుచుండ నొక్కొక్కరే లేచి జరిగినది చెప్పుచుండిరి. ఐదవపేరు వచ్చినపు డొక విజయవాడ పెద్దమనిషి యావేశమున "వాడికి వచ్చే నెల నుంచి..." అనఁబోఁగా గంట ఖంగున మ్రోఁగెను. ఆయన కూర్చుండెను. భుజంగరావున కివి యేవియు వినఁబడుటలేదు. ఆఱు, ఏడు, ఎనిమిది. తన వివాహమునాఁడు సైత మాయన గుండె యిట్లు కొట్టుకొనలేదు. తొమ్మిది. పది. పదునొకండవ కంపెనీపై నలువురు లేచి నాలుగు విధములఁ జెప్పిరి. వారు కూర్చుండుటకు యుగము పట్టెను.

"పన్నెండు. ఏకాంబర ఇంధన భాండారం, కాకినాడ."

సభలో నెఱిఁగినవా రొకరినొకరు మోచేతులఁ బొడుచుకొనిరి. ఈ యేఁటి గాలము పడినదని వారికిఁ దెలిసినది. కొత్తవారు మాత్రము నుదుట ముడుతలు వేసికొని జ్ఞాపకము చేసికొనుచున్నట్లు నటించుచుండిరి. ఎవ్వరు చిక్కుదురో యని పాతవారు చూచుచుండఁగా యశోద లేచెను. కొంగు సవరించుకొనెను.

"తెలుసు" అనెను.

ఆ మూఁడక్షరములు భుజంగరావు చెవి సోఁకినంతనే యేండ్లతరబడి వానయెఱుఁగని నేలపైఁ దొలకరిచినుకు పడినట్లు లోపలనెక్కడనో యావిరి లేచెను. కన్నులు చెమ్మగిలెను. బల్లక్రిందఁ దన రెండుచేతులను దానే గట్టిగాఁ బట్టుకొనెను.

ఆమె కూర్చుండలేదు. ఎవ్వరివంకనుఁ జూడక యెప్పటి నెమ్మదితోనే చెప్పసాగెను.

"ఐదేండ్ల కింద ఒక్కసారి మాకు ఆర్డరొచ్చింది. చేత్తోని రాసిన కాగితం. షరతులన్ని మంచిగున్నయి. నమ్మినం. మేం ఎవ్వల్ని జల్ది నమ్మం, కాని నమ్మినం. చెప్పిన టైముకు చెప్పిన జాగకు మాల్ తీస్కొని పోయినం. ఆడ చెట్ల సందుల ఇద్దరు నిలబడి నోరు మూసుకొని నవ్వుతున్రు. ఓనర్ వాళ్లకు సైగ చేస్తున్నడు. మా మాల్ మేం మలుపుకొని వచ్చినం. తెల్లారి ఓనర్ అడిగితే అసలు ఆర్డరే అందలేదని చెప్పినం. గంతే జరిగింది. ఖాతా తెరవక ముందే మూసినం."

సభ పగిలినట్లు నవ్వెను. పదునొకండేండ్లు చిక్కని యశోద చిక్కినదని బల్లలు చఱచిరి. "అమ్మో, చెట్లూ లారీలూ కూడా కల్పించేసిందండి మేడం" అని యొకఁడు కన్నీరు తుడుచుకొనెను. "రికార్డు పోయిందండి, పోయింది" అని మఱియొకఁడు ప్రక్కవాని వీఁపు చఱచెను. ఆ నవ్వులలోఁ జేరనివారు మువ్వురు. చీటీవైపు చూచుచు తరువాతి పేరు చదువక నిలిచిన ఖాసిం వలీ. కూర్చుండి కొంగుముడిని సవరించుకొనుచున్న యశోద. భుజంగరావు.

నాఁడామె వచ్చినది. క్రొత్తచీర కట్టుకొని వచ్చినదో పాతచీరతోనే వచ్చినదో, తోవలో నేమి తలంచుకొనినదో, తాను సైగచేయుచు వెనుదిరిగి యుండఁగా నెంతదూరమువఱకు వచ్చి యాఁగినదో యాయనకుఁ దెలియదు. ఐదేండ్లు కాగిత మందలేదని తా నూఱడిల్లియుండ నామె తన యవమానమును దానే మడిచి సంచిలో నుంచుకొని యేఁటేఁట తనతో నుపాహారమునకుఁ గూర్చుండినది.

ఆయన లేచెను. కుర్చీ వెనుకకుఁ బడెను. సభ యిఁక గుట్టు విప్పునని చప్పట్లకు సిద్ధపడెను.

"అయ్యా, ఆ కంపెనీ ఓనరు ఇకమీదట ఏనాడూ..."

గంట మ్రోఁగెను.

"భుజంగరావు గారూ, జరగబోయేది ఇక్కడ చెప్పకూడదండి" అని న్యాయవాది మందహాసముతో ననెను. "ముప్పై యేళ్ల సర్వీసు మీది. మీకు నేను చెప్పాలా."

జరిగిన దంతయు నామె చెప్పివేసెను. ఆయనయొద్ద మిగిలినది జరుగఁబోవున దొక్కటే. ఆ గదిలో దానికిఁ జోటు లేదు. ఎవ్వరో కుర్చీ లేవనెత్తి వెనుక నుంచిరి. ఆయన కూర్చుండెను. ఖాసిం వలీ పదుమూఁడవ పేరు చదివెను.

అపరాహ్ణమున ముగింపుసభ. ఆ సదస్సువారి యాచార మొకటి గలదు. లేని కంపెనీకి సాక్ష్యము పలికి మోసపోయినవారిని వేదికపైకిఁ బిలిచి యెఱ్ఱయంచు శాలువా నొకదానిని గప్పుదురు. కప్పువాఁడెప్పుడును భుజంగరావే. ఆ శాలువాతో నొక్కొక్కని నాయన చుట్టుఁ ద్రిప్పి పెండ్లికొడుకని యేడిపించుట యందఱకు వేడుక. నాఁడు యశోద పేరు పిలువఁబడఁగానే హర్షధ్వానములు చెలరేఁగెను. ఆమె మెట్లెక్కి వచ్చి నిలిచెను. భుజంగరావు పళ్లెములోని శాలువా నెత్తెను గాని చేతులు భుజములవఱకు లేవలేదు. చప్పట్ల హోరులో వారి మాటలు వారికే వినఁబడుచుండెను.

"ఆ కాగితంలో రాసింది నిజవేనండి" అని యాయన యనెను. "అప్పుడు కూడా నిజవే. ఒట్టు... ఒట్టనడానికీ మొహం లేదు. వాళ్లని తెచ్చుకున్నది మీమీద నవ్వడానికి కాదండి. మీరు నవ్వితే తట్టుకోలేనని."

"నాకెరుకే" అని యామె మెల్లగాఁ జెప్పెను. "కాగితం చదివిన్నాడే ఎరుక. ఉత్త నవ్వులాటకే రాసి ఉంటే నేను గూడ నవ్వేదాన్ని, మర్చిపోయేదాన్ని. నిజమైందాన్ని మీరు నవ్వులాట చేసిన్రు. గదే నాకు తట్టుకోరాలే."

"మరి పొద్దున్న... తెల్వదంటే సరిపోయేది కదండి. ఎందుకు తెలుసన్నారు?"

"తెల్వదంటే అబద్ధమైతుండె. గా రూముల నేను అబద్ధం చెప్పలే ఏనాడు."

"ఇంకోసారి, ఇక్కడ కాకుండా, ఎవరూ లేని చోట..."

యశోద తల యడ్డముగా నూపెను. అందుఁ గోపము లేదు. ఏఁటికి మూఁడునాళ్ల చొప్పునఁ బదునొకండేండ్లు చూచిన మొగము నింకొక్కసారి చూచుకొనుచున్నట్లు చూచెను. "గాలి మంచిగొచ్చే గదిల కూసొని టైముకు తినుండ్రి. రేడియో జర చిన్నగ పెట్టుకోండ్రి" అనెను. "గది ఇటియ్యుండ్రి."

ఆయన చేతిలోని శాలువా నామె తీసికొనెను. మడఁత విప్పెను. రెండు చేతులతో నాయన భుజములపైఁ గప్పి కొనలు సవరించి రొమ్ముమీఁద నొకదానిపై నొకటి యమర్చెను. "ఇది మీకు రావాల్సింది" అని చెప్పి మెట్లు దిగి తన సంచి నెత్తుకొని గోదావరిఖనివైపు పోవు రైలు నందుకొనుటకై ద్వారము దాటి వెడలెను.

పదవీవిరమణము చేయుచున్న పెద్దమనిషి కామె గౌరవము చేసినదని తలంచి నూఱుగురును లేచి నిలిచిరి. చప్పట్లు మ్రోఁగెను. కొందఱి కన్నులు తడిసెను. పదునొకండేండ్లు లోకము నెల్ల మోసపుచ్చిన భుజంగరావు మోసపోయినవారి శాలువా భుజములపైఁ గప్పికొని చేతులు జోడించి సభకెల్ల నమస్కరించుచు వేదికనడుమ నిలిచియుండెను.